ఇంటి ఖాతాలో పాలు

నాకు అన్నిటికన్నా ఎక్కువ భయం ఒకటే. నా బిడ్డకు నొప్పి పుడితే ఎవరికీ చెప్పదని.

తన్వికి నాలుగేళ్లు. చంటిపిల్లగా ఉన్నప్పటి నుంచే దానికి ఎడమ చెవి బాధ. కాస్త జలుబు చేసిందంటే చెవిలోకి దిగుతుంది. అందరి పిల్లల్లా ఏడ్చి గోల చేయదు. మింగితే నొప్పి కదా, పాలు మానేస్తుంది. మెల్లగా పోయి ఫ్రిజ్ తలుపుకో, స్టీలు బిందెకో, చల్లగా ఉన్న దేనికో ఒకదానికి చెవి ఆనించి నిలబడుతుంది. ఏమైందే అంటే ‘ఏం కాలే’ అంటుంది. తెలియనివాళ్లు ఆడుకుంటోందనుకుంటారు. చెవిలో రెండు చుక్కలు మందు వేసి, గుడ్డ వెచ్చచేసి అద్దుతూ ఒళ్లో పడుకోబెట్టుకుంటే అప్పుడు ఏడుస్తుంది. ఏడ్చిందంటే తగ్గుతున్నట్టు.

ఇదంతా నాకు తెలుసు. ఇప్పుడు పిల్ల నా దగ్గర లేదు.

మా హోటల్ ఇబ్రహీంపట్నంలో, సాగర్ రోడ్డు మీద. మా హోటల్ అంటున్నాను గానీ అది మా బావ కొండల్‌ది. నా భర్త రాజశేఖర్ అందులో తమ్ముడూ, పనివాడూ కూడా. జీతం లేదు, వాటా లేదు. ఎప్పుడైనా అడిగితే బావ ‘ఒక్కటే ఇల్లు గదరా’ అనేవాడు. బావ భార్య మంజులక్క, నా యారాలు. పెళ్లయి చాలా ఏళ్లయినా వాళ్లకు పిల్లలు లేరు. ఆమె తిరగని దవాఖాన లేదు, కట్టని ముడుపు లేదు. అందరం హోటల్ పైన ఉన్న గదుల్లోనే ఉండేవాళ్లం.

ఏప్రిల్‌లో ఒకరోజు భోజనాల రద్దీ తగ్గాక బావ ఆటోలో కంప్యూటర్ తెచ్చి గల్లా బల్ల మీద దింపించాడు. జూలై నుంచి కొత్త పన్ను వస్తుందట, లెక్క కంప్యూటర్లో లేకపోతే నడవదని ఎవరో ఆడిటర్ చెప్పాడట. వెంచర్లలో ప్లాట్లు చూడటానికి కార్లలో వచ్చేవాళ్లు కూడా అప్పటికే అచ్చు బిల్లు అడుగుతున్నారు.

“యమునా, ఇంటర్ల నీది ఏం గ్రూపు?” అన్నాడు బావ. ఆయన నాతో నేరుగా మాట్లాడటమే తక్కువ.

“సీఈసీ, బావా. సగంలనే బంద్ అయింది.”

“సగమైతేంది? డెబిట్ అంటే ఏంది, క్రెడిట్ అంటే ఏంది ఎరికేనా?”

“ఎరికే.”

“ఇగ సాలు. ఇంట్ల సదువుకున్నామె ఉండంగ గల్లాల బయటోన్ని కూసోవెడ్తమా?”

మా ఆయన కంప్యూటర్ వచ్చిన అట్టపెట్టెను కాలితో తొక్కి చదును చేస్తూ నిలబడ్డాడు. మంజులక్క వచ్చి నా చంకలోని తన్విని అందుకుంది.

“పాప ఫికర్ వెట్టుకోకు చెల్లె. నాకేం పనుంది పైన? నేను చూస్కుంట.”

కాలేజీ మానేసిన నాటి నుంచి నా చదువు ఊసు ఎవరూ ఎత్తలేదు. పెళ్లిచూపుల్లో కూడా అడగలేదు. బావ అలా అడిగేసరికి నాకు కళ్లు చెమ్మగిల్లాయి. అది ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

సాఫ్ట్‌వేర్ ఎక్కించడానికి నాదర్‌గుల్ నుంచి రాకేశ్ అనే అతను వచ్చేవాడు. మధ్యాహ్నాలు నా పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, నేను చెప్తుంటే ఒక్కొక్క ఐటం ఎక్కించేవాడు.

“చెప్పక్కా. చాయ్ అయింది. తర్వాత?”

“వన్ బై టూ చాయ్.”

“గదెట్ల కొట్టాలె? ఒకటనా, రెండనా?”

“చాయ్ ఒక్కటే. గ్లాసులు రెండు.”

“అంటే ఒక్కోదాంట్ల సగం.”

“సగం ఎవలు పోస్తరు తమ్మీ? మొకం మీద గొట్టినట్టుంటది. జర ఎక్కువనే పోస్తరు.”

“మరి గా ఎక్కువ పాలు ఎవరి లెక్కల రాయాలె అక్కా?”

రొట్టెల పొయ్యి దగ్గర నుంచి బేగం బీ పకపకా నవ్వింది. హోటల్ పెట్టిన నాటి నుంచి జొన్నరొట్టెలు ఆమె చేతివే.

“పంచుకునుడు నీ డబ్బకు రాదు బేటా. షేర్వా సంగతి అడుగు, ఇంక పరేషాన్ అయితవు.”

నిజంగానే షేర్వా దగ్గర మళ్లీ ఆగాం. కూర తిన్నవాడు అడిగితే ఆ పులుసు మళ్లీ పోస్తాం, దానికి రేటేమిటి? రేటు లేని ఐటం తీసుకోనని కంప్యూటర్ మొరాయించింది. రాకేశ్ నెత్తి గోక్కున్నాడు. బావ మాత్రం సంతోషపడ్డాడు.

“మంచిగయింది. ఇన్నొద్దులు ఏమేం ఉత్తగ పోతున్నయో గిది చెప్తది ఇగ.”

నాకు ఆ పని నచ్చింది. నచ్చలేదని ఎందుకు అబద్ధం ఆడాలి? సర్వర్ జంగా అటు నుంచి “నాలుగో టేబులు! రెండు బోటి, ఆరు రొట్టె, ఒక బగార!” అని అరిచేవాడు. వాడి అరుపు ఆగేలోపు నా బిల్లు బయటికి వచ్చేది. సాయంత్రం గల్లాలో సొమ్మూ కంప్యూటర్‌లో లెక్కా కలిస్తే, క్లాసులో సార్ నా జవాబు చదివి తలూపినట్టుండేది. బావ ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ ‘షాబాష్’ అనేవాడు.

పాల దగ్గర లెక్క కుదరలేదు. వచ్చిన పాలకూ అమ్మిన చాయ్‌లకూ రోజూ తేడా వస్తోంది. ఒకరోజు బావ అందరినీ గల్లా ముందు నిలబెట్టాడు.

“చాయ్‌లల్ల వోను మిగిలిన పాలు ఏడికి పోతున్నయ్? ఎవలు తాగుతున్రు?”

అప్పుడే మంజులక్క మెట్లు దిగింది. ఆమె చంకలో తన్వి, మూతి మీద తెల్లటి మీసం. జంగా ముందు నవ్వాడు, తర్వాత అందరం నవ్వాం. బావ కూడా నవ్వాడు.

“దొంగ దొరికింది,” అన్నాడు.

ఇంట్లోవాళ్లం తినేది, తాగేది ‘ఇంటి ఖాతా’ అని వేరే కొడితే లెక్క సరిపోతుందన్నాడు రాకేశ్. నేను కొత్త ఐటం ఎక్కించాను, ‘తన్వి పాలు’ అని. రాకేశ్ దానికి స్క్రీను మూలన పసుపుపచ్చ బటన్ పెట్టాడు.

“పొద్దుగాల ఒకపారి, మాపటికొకపారి కొట్టాలె. గల్లాల ఎవలున్నా సరే. మర్సిపోతే మల్ల లెక్క తప్పుతది,” అన్నాడు బావ.

ఆయన లెక్కల మనిషి. ఒకసారి చెప్పాడంటే ఆ ఇంట్లో అది ఆగదు.

మే నెలలో నాకు మళ్లీ నెల తప్పింది. బోటి వాసన వస్తే కడుపులో తిప్పేది. వాంతి చేసుకుని వచ్చి మళ్లీ గల్లాలో కూర్చునేదాన్ని. రాత్రిళ్లు తన్వి నా పొట్ట మీద కాళ్లేస్తుందని మంజులక్క తన దగ్గర పడుకోబెట్టుకుంది. నాకూ అది సాయంలాగే అనిపించింది. మధ్యాహ్నం కాస్త తీరిక దొరికి పైకి పోతే, పిల్ల ఆమె చేతి మీద నిద్రపోతూ ఉండేది.

“ఇప్పుడే పండుకున్నది, లేపకు. కింద జంగా బిల్లు పిలుస్తుండు చూడు.”

నేను మెట్లు దిగేదాన్ని.

మొదటి వానలు పడ్డాక ఒక సాయంత్రం లెక్క చూస్తుంటే ఆ పూట తన్వి పాలు లేవు. నా వేళ్లు ఆగిపోయాయి. గల్లా వదిలి వెనక్కి పోయాను. కూల్‌డ్రింకుల ఫ్రిజ్‌కు చెవి ఆనించి నిలబడి ఉంది తన్వి. మంజులక్క కూరగాయలు తరుగుతోంది.

“సూడు, ఎంత మంచిగ ఆడుకుంటుందో. ఫ్రిజ్ల ఎవలో పాట వాడ్తున్నరట.”

“ఆట కాదక్కా. దానికి చెవి నొస్తుంది.”

“నొస్తే ఏడువదా? పొద్దటిసంది నా తోనే ఉన్నది, నాకు చెప్పదా?”

“ఎవలకూ చెప్పదక్కా.”

“నీకు అన్నిటికీ భయమే,” అంది ఆమె. కోపంగా కాదు, చిన్నబుచ్చుకుని. నేను మందు వేసి ఒళ్లో వేసుకున్నాక తన్వి వెక్కి వెక్కి ఏడ్చింది. మంజులక్క కత్తిపీట దగ్గర నుంచి అదే పనిగా చూసింది. “నీ దగ్గరికొస్తెనే ఏడుస్తుంది, సూషినవా?” అంది.

మరునాడు బేగం బీ పిండి కలుపుతూ నన్ను కళ్లతోనే పిలిచింది.

“బిడ్డా, నీ నజర్ మొత్తం గా డబ్బలనే వెట్టినవ్. పిల్ల దిక్కు గూడ జర చూడు.”

“అక్క చూస్కుంటుంది గదా, బేగం బీ?”

“గందుకే చెప్తున్న.”

ఆమె మళ్లీ పిండి మీదికి వంగింది. ఏమిటని నేను అడగలేదు. జంగా బిల్లు అరుస్తున్నాడు.

జూన్‌లో తన్విని బడిలో వేశారు. నేను గల్లాలో ఉంటే మంజులక్క, బావ తీసుకుపోయారు. ఆ రోజు కాలేజీ పిల్లల గుంపు వచ్చి పడింది, నన్ను కదలనివ్వలేదు. నీలం గౌను, తెల్లటి సాక్సులు వేసుకున్నాక ఒకసారి తెచ్చి చూపించారు. ముద్దు పెట్టుకున్నాను.

తర్వాత వారం అనుకుంటా, పొద్దున టిఫిన్ల వేళ. గల్లా ముందు మనుషులు నిలబడి ఉన్నారు. వాళ్ల కాళ్ల మధ్య నుంచి దూరి వచ్చింది తన్వి, వీపున సంచితో. బల్ల అంచు పట్టుకుని మునివేళ్ల మీద లేచింది.

“చిన్నమ్మా, పెన్సిల్‌కు పైసలియ్యాల్నంట. అమ్మ చెప్పింది.”

మా ఇళ్లలో చిన్నాయన భార్యను చిన్నమ్మ అంటారు. గుమ్మం దగ్గర మంజులక్క నిలబడి ఉంది, చేతిలో నీళ్ల సీసాతో. నన్ను చూసి తల తిప్పుకుంది.

నేను గల్లా తెరిచి పది రూపాయలిచ్చాను. పిల్ల గెంతుతూ పోయింది. ఆ పది ఎక్కడ రాయాలని కంప్యూటర్ అడిగింది. ఇంటి ఖాతా అని కొట్టాను. ముందు నిలబడ్డ పెద్దాయన “ఏమ్మా, నేను తిన్నది ఇడ్లీ, నువ్వు తలకాయకూర కొట్టినవ్” అంటే గానీ నా బిల్లు తప్పిందని నాకు తెలియలేదు.

ఆ మధ్యాహ్నం హోటల్ వెనక పంపు దగ్గర మా ఆయన అన్నం వండే గంజులు కడుగుతున్నాడు.

“తన్వి నన్ను చిన్నమ్మ అన్నది.”

“పిల్లలు ఏదో అంటరు తీయ్.”

“ఎవలో నేర్పుతె అంటరు. బడిల ఎవలి బిడ్డ అని చెప్పిన్రు?”

ఆయన గంజు తిప్పి తిప్పి తోముతున్నాడు.

“నిన్నే అడుగుతున్న.”

“అన్నకు మాటిచ్చిన.”

“ఏమని?”

“పాప వాళ్ల దగ్గర్నే పెరుగుతదని. మనకింకోటి అయితనే ఉన్నది గదా. వాళ్లకెవలున్నరు?”

“ఎప్పుడిచ్చినవ్?”

“కంప్యూటర్ తెచ్చిన నాడు.”

పంపు కారుతోంది. నాకు అట్టపెట్టె గుర్తొచ్చింది, దాన్ని తొక్కిన కాలు గుర్తొచ్చింది.

“అంటె నన్ను గల్లాల కూసోవెట్టింది గందుకేనా?”

“గట్లెందుకంటవ్? నీకు పని మంచిగొచ్చింది గదా. అన్న రావిర్యాలల ఇంకో హోటల్ వెడ్తుండు, నా పేరు మీద. జిందగీ అంత ఈడ గంజులు తోముకుంట ఉండాల్నా నేను? పాప ఏడికి పోయింది, ఇంట్లనే ఉన్నది. వాళ్లదీ అయితది, మనదీ అయితది.”

“బిడ్డను వన్ బై టూ చేసినవా శేఖర్?”

పేరు పెట్టి పిలవడం అదే మొదలు. ఆయన అప్పటికే తళతళలాడుతున్న గంజును మళ్లీ తోమాడు.

నేను పైకి పోయాను. మంజులక్క తన్వికి జడ వేస్తోంది. నా ముఖం చూసి పిల్లను దగ్గరికి లాక్కుంది.

“నీకిష్టమే అని చెప్పిండు శేఖర్,” అంది నేను నోరు తెరవకముందే. “నువ్వే అన్నవంట, అక్కకు ఇస్తె నాకు ఫికరుండదని. నేను నమ్మలే ముందుగాల. ‘యమున సోయితోని అన్నదా’ అని అడిగిన. నీమీద ఒట్టేసి చెప్పిండు.”

“నేను అనలే అక్కా.”

ఆమె ముఖం తెల్లబోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, అది నటన కాదు. కానీ పిల్ల చుట్టూ వేసిన చేతులు మాత్రం సడలలేదు.

“అమ్మా, గట్టిగ పట్టుకోకు,” అంది తన్వి. ఇద్దరం ఒక్కసారే “ఏం బిడ్డా” అన్నాం.

మా అమ్మకు ఫోన్ చేశాను. కడుపుతో ఉండి లొల్లి చేయకు, కాన్పు కానీ, అప్పుడు పెద్దమనుషుల్లో మాట్లాడదాం అంది. బావ నాతో మాట్లాడటం మానేశాడు. లెక్క కాగితం మాత్రం రోజూ అడిగి తీసుకున్నాడు. ఈసారి షాబాష్ లేదు.

దసరాకు రావిర్యాలలో హోటల్ తెరిచాం. పిల్ల బడి మధ్యలో మాన్పించొద్దని అందరూ అన్నారు. నేను బట్టల మూట ఎక్కించుకుని ఆటోలో కూర్చుంటే తన్వి చేయి ఊపింది, నవ్వుతూనే. ఊరికి పోయి వస్తాననుకుంది.

ఇక్కడా అదే సాఫ్ట్‌వేర్. రాకేశే వచ్చి పెట్టాడు. రెండు హోటళ్లూ ఒకేచోట చూసుకోవాలని బావ చెప్పాడట. “ఆడి బిల్లులు ఈడ, ఈడివి ఆడ కనవడ్తయక్కా” అన్నాడు. ఆ రోజు ఒక్కదాన్నే గల్లాలో ఉన్నప్పుడు అక్కడి ఇంటి ఖాతా తెరిచాను. ‘తన్వి పాలు.’ పొద్దునది ఒకటి. స్క్రీను మీద చేయి పెట్టుకుని కూర్చున్నాను. కాసేపటికి సాయంత్రానిది కూడా వచ్చింది. ఎవరు నొక్కారో, మంజులక్కో, బావో! నా బిడ్డ పాలు తాగింది. చెవి బాగుంది.

అప్పటి నుంచి నాకు అదే భోజనం, అదే నిద్ర. పొద్దున పొయ్యి అంటించకముందే చూసేదాన్ని. బావ లెక్కల మనిషి కావడం నాకు ఒక్క ఈ విషయంలోనే కలిసొచ్చింది. నేనలా చూస్తానని ఒక్కరికే చెప్పాను, మా ఆయనకు. ఒకరోజు ఆయన నా పక్కన కూర్చుని, కాళ్లు వాచాయా అని అడిగితే మనసు మెత్తబడి చెప్పాను. “అవునా” అన్నాడు.

సోమవారం నుంచి తన్వి పాలు లేవు. పొద్దునా లేవు, సాయంత్రమూ లేవు. మిగిలిన ఇంటి ఖాతా అంతా ఉంది, బావ చాయ్‌లు, మంజులక్క ఇడ్లీ అన్నీ ఉన్నాయి.

ఫోన్ చేశాను. “మంచిగనే ఉన్నది,” అంది మంజులక్క. ఒకసారి ఇయ్యక్కా అంటే “ఇప్పుడే పండుకున్నది” అంది. మళ్లీ చేస్తే “బడికి పోయింది” అంది. తర్వాత ఎత్తడం లేదు. బేగం బీ ఉంటే జంగా ఫోనులోనైనా అడిగేదాన్ని. ఆమె కూతురి కాన్పుకని జల్‌పల్లి పోయింది. జంగాను అడిగితే “నాకేం తెలుసక్కా, పైన ఉన్నది కావొచ్చు” అన్నాడు. పక్కన బావ ఉన్నాడేమో.

నాకిప్పుడు ఎనిమిదో నెల. మొన్న రక్తం కనపడింది. బస్సు, ఆటో ఎక్కితే కడుపులో బిడ్డ దక్కదని, కదలకుండా పడుకోమని డాక్టరమ్మ చెప్పింది. మా ఆయన పడుకోమన్నది వినలేదు, ఎక్కొద్దన్నది మాత్రం విన్నాడు. అందుకే ఈ గల్లాలో కూర్చుని ఉన్నాను. “ఆదివారం నేను పోయొస్త తీయ్, ఏమైతది” అంటాడు. నా ముఖం చూడకుండా అంటాడు. నేను చూస్తున్నానని తెలిసి వాళ్లు రాయడం మానేశారో, నొప్పితో అది తాగడం మానేసిందో, ఇక్కడ కూర్చుంటే నాకు తెలియదు. మానేసింది వాళ్లే కావాలని మొక్కుకుంటున్నాను. వాళ్లంత పని చేశారనే అనుకోవాలని ఉంది.

మీలో ఎవరైనా సాగర్ రోడ్డున పోతుంటే ఇబ్రహీంపట్నంలో ఒకసారి ఆగండి. బస్టాండు దాటాక, బయట రొట్టెల పొయ్యి కనిపించే హోటల్. ఒక చాయ్ తాగండి. చేతులు కడుక్కునే నెపంతో గల్లా వెనక్కి పోండి. అక్కడ కూల్‌డ్రింకుల ఫ్రిజ్ ఉంటుంది. నీలం గౌను పిల్ల ఒకతి దానికి ఆనుకుని ఉంటే ఆడుకుంటోందనుకోకండి. ఏమైందంటే ‘ఏం కాలే’ అంటుంది. నమ్మకండి. ఎడమ చెవి మీద చెయ్యి పెట్టి, వేడిగా ఉందేమో చూడండి.